దొరికిన పిల్లల పేజీకి తీసిన ప్రింటు

కడపలో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఒకరోజు పైనుంచి ఉత్తరం వచ్చింది. పాత వెబ్‌సైటు మూసేస్తున్నారు, అందులో ఉన్నదంతా భద్రపరచాలట. నేను హార్డ్ డిస్కు అడిగాను. మా సూపరింటెండెంటు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏమప్పా, డబ్బాలో ఉండేది రేపు ఉంటాదని గ్యారంటీ యాడుండాది? కాగితం మీదికి దించు."

మా ఆఫీసు మతం అది. చిల్లు పొడిచి, ట్యాగు కట్టి, బీరువాలో పెడితేనే ఏదైనా ఉన్నట్టు. వెబ్‌సైటు మొత్తం ప్రింటు తీశాం. అంగన్‌వాడీల జాబితాలు, గుడ్ల పంపిణీ, ఏళ్ల కిందటి దొరికిన పిల్లల నోటీసులు, ఎప్పుడో దిగిపోయిన మంత్రిగారి నవ్వు, ఏదీ వదల్లేదు. ప్రతి పేజీ మీదా 'ట్రూ కాపీ' ముద్ర గుద్ది ఆయన సంతకం చేశాడు. 'ఇక్కడ క్లిక్ చేయండి' అని ఉన్న పేజీలకూ చేశాడు. కాగితం మీద ఎక్కడ క్లిక్ చేయాలో ఆ దేవుడికే ఎరుక.

ఆయన తాడిని తన్నేవాడైతే నేను ఆయన తలదన్నేవాణ్ణి. ఇంకు ఆదా అవుతుందని ప్రింటర్‌ని మసకగా అచ్చేసే డ్రాఫ్ట్ మోడులో పెట్టాను. అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

వెబ్‌సైటు మూతపడిన కొన్ని నెలలకు ఒక అమ్మాయి వచ్చింది. అనాథ పిల్లల హోములో పెరిగి, ఇప్పుడు మంగంపేట దగ్గర ముగ్గురాయి పొడి చేసే మిల్లులో పనిచేస్తోంది.

"నేను బస్టాండులో దొరికినప్పుడు మీ వెబ్‌సైట్లో ఫోటో పెట్నారంట సార్. హోములో ఆయమ్మ చెప్పింది. నాకు చిన్నప్పటి ఫోటో ఒగటి గూడా లేదు. చూసి పోదామని వచ్చినా."

బీరువా తెరిచాం. "చూస్తివా, కాగితమే దిక్కయ్యె!" అన్నాడు సూపరింటెండెంటు మీసం దువ్వుతూ. ఆమె చెప్పిన తేదీని బట్టి పేజీ దొరికింది. ఫోటో ఉండాల్సిన చోట బూడిద రంగు చారలున్నాయి. కన్నేదో, ముక్కేదో తెలియదు. పక్కన ముద్ర మాత్రం నిక్షేపంగా ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అంత సిగ్గు ఆ ఆఫీసులో నాకెప్పుడూ కలగలేదు. "ఇంకు మిగలాలని మసకగా తీసింది నేనేనమ్మా, తప్పు నాదే," అని చెప్పేశాను.

ఆమె వినలేదు. చారల కింద రాసిన గుర్తులను వేలు పెట్టి చదువుకుంటోంది. వయసు సుమారు రెండేళ్లు. పచ్చ గౌను. ఎడమ మోకాలి మీద మచ్చ. ఆఖరి వరుస దగ్గర వేలు ఆగింది. 'బాగా ఏడుస్తున్నది. ఎత్తుకుంటే ఊరుకుంటున్నది.'

అది రెండుసార్లు చదివింది.

"ఎవురో ఎత్తుకున్నారు గదా సార్," అంది. "ఎత్తుకోకుంటే ఈ మాట ఎట్ల రాస్తారు?"