రాములోరి బండికి ముందు ఇరుసు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జనవరి మొదటి సోమవారం, మలేసియా దేశపు తెలుక్ ఇంటాన్‌లోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో నన్ను చట్రం విభాగానికి ఫోర్‌మన్‌గా వేశారు. ఫోర్‌మన్ అంటే స్పానరు పట్టేవాళ్ళకు పైన, యజమానికి కింద. బండి చట్రానికి ఎక్కడ కోత పెట్టాలో నిర్ణయించి సంతకం చేసేది అతనే, తేడా వస్తే తిట్లు తినేదీ అతనే.

ఆ వారమే దగ్గర్లోని సుంగై సుమున్ ఊరి నుంచి అప్పలస్వామి తన పాత పికప్ తెచ్చాడు. వాళ్ళ నాన్న ఎస్టేటులో గుమస్తాగా ఉన్నప్పుడు కొన్న బండి. ఏటా శ్రీరామనవమికి భజన మందిరం నుంచి ఉత్సవ విగ్రహాలు ఊరేగేది దాని మీదే. కిందటేడు గతుకుల్లో అది ఎంత ఊగిందంటే, విగ్రహాల ముందు దీపం మూడుసార్లు కొండెక్కిందట.

"ఈ ఏడు కూడా అలగే ఊగితే అద్దె లారీ ఎట్టుకుంతామని కమిటీవోళ్ళు సెప్పేసినారన్నా. మా అయ్య బండి మూల పడిపోద్ది లా," అన్నాడు. మాట చివర ఆ 'లా' ఇక్కడి మలయ్ అలవాటు.

బండి కింద దూరి చూశాను. ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప ఇరుసుకు ఉన్నాయి. ఒక చక్రం గుంటలో దిగితే రెండోదీ ఒరుగుతుంది, ఆ కుదుపు నేరుగా పైకి వస్తుంది. ఆ ఇరుసు తీసేసి, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా లేచి పడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వేయాలి. ఏది వేయాలన్నదే ప్రశ్న. నాకు దొరికినవి రెండు దారులు. ఒకటి, విదేశం నుంచి వచ్చే కొత్త విడిభాగాల కిట్, కాయిల్ స్ప్రింగులతో, పళ్ళ కడ్డీ మీద నడిచే ర్యాక్ స్టీరింగుతో. రెండోది, హాఫ్‌కట్ దుకాణంలో, అంటే జపాన్ నుంచి సగానికి కోసి తెచ్చిన బండ్లు అమ్మేచోట, దొరికే చిన్న పికప్ ముందు భాగం. అందులో స్ప్రింగుల బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు ఉంటాయి. కాస్త బిరుసు.

నేను కిట్ వైపే మొగ్గాను. బరువు లెక్క సరిపోయింది, బ్రేకులు మెరుగు, మెత్తదనంలో సాటి లేదు. కొత్త కుర్చీ కదా, కొత్త సామాను మీద మోజు కూడా ఉంది, ఒప్పుకుంటాను. చట్రం మీద కోత గుర్తులు సుద్దతో గీసి, రవాణా శాఖ అనుమతికి డ్రాయింగు సిద్ధం చేశాను. అనుమతి రానిదే కోయకూడదు, కోసిన చట్రం మళ్ళీ పాత చట్రం కాదు.

డ్రాయింగు పంపాల్సిన రోజు అప్పలస్వామి వాళ్ళ అక్క సూరమ్మ వచ్చింది. మందిరం ముందు ముగ్గులు వేసేది ఆవిడే. కాగితాలన్నీ ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగింది.

"అంతా బాగుంది గానీ నాయనా, మందిరం ఎనకాల మలుపు కాడ ఇది ఒక్క పట్టున తిరుగుతాదా? రాములోరిని ఎనక్కి నడిపిస్తావేటి?"

విగ్రహాలు ఎక్కిన బండి వెనక్కి నడవకూడదన్నది వాళ్ళ మందిరం ఆచారం. ఆ సంగతి నాకు తెలియదు, అడగాలని తోచనూ లేదు. కిట్ పత్రంలో చక్రం ఎంత కోణం వరకు తిరుగుతుందో చివరి వరుసలో ఉంది. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉండీ ఆ వరుస వదిలేసినందుకు సిగ్గుపడ్డాను.

డ్రాయింగు ఆపి మర్నాడు ఉదయం ఆ మలుపు దగ్గరికి వెళ్ళాం. లోపలి వైపు మందిరం మోకాలెత్తు గోడ, బయటి వైపు కాలువ. బండి పూర్తిగా తిరిగినప్పుడు దాని వలయానికి కేంద్రం వెనక ఇరుసు గీతలోనే ఉంటుంది. గోడ లోపల ఆ కేంద్రం పడే చోట మేకు కొట్టి, కిట్ కోణానికి లెక్క కట్టిన పొడవున తాడు కట్టాను. సూరమ్మ తాడు కొస పట్టుకుని, వంగి, పిడికిట్లోంచి ముగ్గు వదులుతూ నడిచింది. తెల్లటి గీత సగం దూరం వెళ్ళి కాలువ అంచు దాటింది. ఆవిడ అక్కడే ఆగి నా వైపు చూసింది.

తాడు కుదించి జపాన్ పికప్ కోణానికి గీయించాను. గీత కాలువకు జానెడు ఇవతల తిరిగింది.

"బిరుసైనా ఇదే ఎట్టీ అన్నా," అన్నాడు అప్పలస్వామి. ఆ బిరుసు తగ్గించడానికి కొంచెం సన్నటి కడ్డీలు చూసి, మంచి షాక్ అబ్జార్బర్లు వేయించాను. డ్రాయింగు మళ్ళీ గీశాను. నవమికి పది రోజుల ముందు అనుమతి, తనిఖీ రెండూ పూర్తయ్యాయి.

నవమి సాయంత్రం నేనూ వెళ్ళాను. మలుపు దగ్గర అదే వలయాన్ని సూరమ్మ మళ్ళీ ముగ్గుతో గీసి ఉంచింది. అప్పలస్వామి స్టీరింగు చివరికంటా తిప్పి పట్టుకున్నాడు. బయటి చక్రం గీత మీదుగా సాగి, ఎక్కడా ఆగకుండా మలుపు దాటింది. గతుకులకు దీపం రెండుసార్లు రెపరెపలాడింది గానీ ఆరలేదు. కిట్ వేసి ఉంటే అదీ రెపరెపలాడేది కాదు, కానీ బండి కాలువలో ఉండేది.

మర్నాడు మా పని ఫారంలో, బరువు, బ్రేకుల కంటే పైన, ఒక కొత్త వరుస చేర్చాను: 'ఈ బండి ఎక్కడ తిరగాలి? ఆ చోటు ఎవరు చూశారు?' రిటైరయ్యేదాకా ఆ వరుస ఖాళీగా ఉన్న ఏ ఫారం మీదా నేను సంతకం చేయలేదు.