బ్రేకు వదలొద్దు

మేం ఆ కొండ స్టేషన్‌లో దిగేసరికి సన్నగా వాన. పట్టాల మధ్య ఎడం రెండడుగులే. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. పై క్యాంపుకు బియ్యం, కిరసనాయిలు చేర్చేది ఆ బుల్లి రైలొక్కటే. దాని బ్రేకుల పని మా ఆర్మీ కంపెనీకి అప్పగించారు.

"ఇది రైలా, తిరునాళ్ల బండా బ్బా?" అన్నాడు మా వంటాయన. ఆయనది కొడవలూరు, నాది విడవలూరు. అంత దూరంలో రెండూ ఒకే ఊరి కింద లెక్క. నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి.

పెట్టెకొక ఇనుప బ్రేకు చక్రం, దాన్ని తిప్పడానికొక మనిషి. ఇంజన్ ఒక కూత వేస్తే బిగించాలి, రెండు వేస్తే వదలాలి. కొండ దిగేటప్పుడు రెండు చేతులూ దాని మీదే. ఏమరితే బండి లోయలోకే. చలికి వేళ్లు మొద్దుబారేవి. కొన్నాళ్లకు నేనే మొద్దుబారాను. ఇంటి నుంచి ఫోనొస్తే ఏం మాట్లాడాలో తోచేది కాదు.

ఒక ఉదయం అన్నకు గుండెనొప్పి వచ్చింది. పైన డాక్టరు లేడు. స్ట్రెచర్ నా పెట్టెలో, నా కాళ్ల దగ్గర పెట్టారు. బండి కదిలింది.

సగం దారిలో చెయ్యి చాపాడు. "భయంగా ఉండాది బ్బా. చెయ్యి ఇయ్యి."

భుజానికి కట్టిన వాకీటాకీని గడ్డంతో నొక్కాను. "సార్, ఒక్క నిమిషం ఆపిస్తారా?"

"ఆయన్ని బతికించాలా వద్దా?" అన్నాడు ఇంజన్‌లో ఉన్న హవల్దారు. "కింద అంబులెన్స్ ఉంది. బ్రేకు వదలొద్దు."

"చేతులు ఖాళీ లేవన్నా," అని కాలు ఆయన వైపు జరిపాను. బూటు పట్టుకున్నాడు. పెద్దవాడు నా కాలు పట్టుకోవడం పాపమనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"ఇంకెంత దూరం?"

"వచ్చేసినాం అన్నా." అబద్ధం.

కూత. బిగించాను. కూత, కూత. వదిలాను. బూటు మీద పట్టు గట్టిగానే ఉంది. బతికే ఉన్నాడనుకున్నాను.

కింద ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఎప్పుడు పోయాడో తెలియదు. నాకు ఏడుపు రాలేదు. పెట్టెలోకి బియ్యం ఎక్కించారు. మళ్లీ పైకి పోయాను.

అక్కడి డ్యూటీ ముగిసి సెలవు దొరికాక, మా ఇంటికి పోకముందే కొడవలూరు వెళ్లాను. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది.

"ఆఖర్న పక్కన ఎవురన్నా ఉండినారా అబ్బయా?"

"నేనుండినా వదినా."

"చెయ్యి పట్టుకోనుండినావా?"

"ఊ" అన్నాను.

యుద్ధం చూశావా అని ఊళ్లో ఇప్పటికీ అడుగుతుంటారు. లేదంటాను. నేను చూసింది ఒక్కటే. తడి బూటు మీద ఆయన వేళ్లు, గోళ్లలో ఎండిపోయిన చపాతీ పిండి.