కాణిపాకంలో నా పుస్తకం గురించి అడిగిన మనిషి

మా చిత్తూరు వైపు పెళ్ళికూతుర్ని గుళ్ళో చూసే పద్ధతి ఒకటి ఉంది. నచ్చకపోతే ఇంటిదాకా వచ్చి వద్దనిపోయారన్న మాట పడకుండా, ఆ పిల్లకు కూడా చెప్పకుండా తీసుకుపోతారు. నాకా సంగతి తెలిస్తే కదా! తొంభైల చివర్లో, డిగ్రీ ఆఖరి పరీక్షల ముందు, "కాణిపాకం సామికి మొక్కుకోని వస్తాం పద" అని అమ్మ అంటే నిజమేననుకుని బయల్దేరాను. చేతిలో ఒక పుస్తకం. నూరేళ్ళ కిందట తెలుగు ఆడవాళ్ళు స్త్రీ విద్య మీద, పెళ్ళి మీద రాసిన వ్యాసాలవి.

ఇంట్లో ఆ పుస్తకం పట్టుకుని పిచ్చిదానిలా తిరిగేదాన్ని. అదేంటని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఎమ్మేకు తిరుపతి పోతానంటే నాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

దర్శనమయ్యాక మంటపంలో కూర్చున్నాం. ఒక పెద్దామె వచ్చి నా పక్కన చేరింది. ఆమె వెనక ఎవరో అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఏం పుస్తకం పాపా అది?" అంది.

అంతే, నాకు పూనకం వచ్చేసింది. "ఆ కాలంలో ఆడపిల్ల చదివితే మొగుడికి తోడుగా ఉంటాది, బిడ్డల్ని బాగా సాకతాది అని బతిమలాడి బడికి పంపించినారు పెద్దమ్మా. ఇంకా ఎన్నాళ్ళు వాళ్ళ కోసం, వీళ్ళ కోసం? తన కోసం తాను చదువుకోకూడదా? పెండ్లంటావా, ఇష్టముంటే చేసుకుంటాది, లేకుంటే లేదు!"

అమ్మ నా తొడ గిల్లింది. నేను ఆగితేగా!

ఆమె కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది. "ఇవన్నీ ఇంట్లో ఎవురితో మాట్లాడతావు పాపా?" అని అడిగింది.

"ఎవురితోనూ లేదు పెద్దమ్మా." ఏడుపొచ్చినంత పనైంది. ఆమె నా తల నిమిరి లేచిపోయింది.

బస్సెక్కగానే అమ్మ విరుచుకుపడింది. "పెండ్లిసూపులు అవి, మేయ్! నోరు మూసుకోని ఉండేదానికి ఏం రోగం నీకు?"

పిల్లకు మాటలెక్కువని కబురొచ్చింది. ఆ మాట నలుగురికీ పాకి, ఇంకే సంబంధమూ రాలేదు. నాయన విసిగిపోయి, "పో, సదువుకో పో" అని తిరుపతి పంపించాడు. ఎమ్మే చదివాను, పాఠాలు చెబుతున్నాను, గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను.

ఆ సంబంధం పోయినందుకు నాకు చీమకుట్టినంత బాధ కూడా లేదు. ఆ అబ్బాయి మొహమైనా సరిగ్గా చూడలేదు. కానీ ఆ తర్వాత కాణిపాకం పోయినప్పుడల్లా, పుస్తకం పేరు పైకి కనబడేలా ఒళ్ళో పెట్టుకుని, ఆ మంటపంలోనే కాసేపు కూర్చునేదాన్ని. మళ్ళీ ఎవరూ అడగలేదు.