డాక్టరమ్మ విగ్రహానికి బొట్టు

మా పక్కింటి ముత్యాలత్తకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయేనాటికి పంతొమ్మిది. ఈ రోజుల్లో మొగుడు పోయాక కూడా చాలామంది బొట్టు పెట్టుకుంటున్నారు, అత్త మాత్రం పెట్టుకోదు. మనవరాలు స్టిక్కరు అంటించబోతే చెయ్యి తోసేసింది. ముసలిదాని చాదస్తం అని నవ్వేవాళ్ళకి ఏం తెలుసు? అత్త ఒక మాట మీద నిలబడి ఉంది.

ఆ మాట డాక్టర్ కామేశ్వరి గారిది. మా చుట్టుపక్కల గోదారి లంకలన్నిటికీ మొదటి లేడీ డాక్టరు ఆవిడ. చిన్నతనంలోనే భర్త పోతే, పుట్టింట్లో మూల కూర్చోనని మొండికేసి, మద్రాసులో చదువుకుని వచ్చి, ఇక్కడ కాలవగట్టున పురిటి ఆసుపత్రి పెట్టారు. తెల్లచీర, బోసి నుదురు. పురిటికి బయల్దేరినవాళ్ళు విధవ ఎదురైతే వెనక్కి తిరిగే రోజులవి. అలాంటిది ఆవిడ చేతుల్లోనే పురుడు పోసుకోవాలంటే జంకరూ? ఒకసారి ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన ఎడ్లబండి, ఆవిడ బయటికి రాగానే వెనక్కి తిరిగింది. బండిలో నొప్పులు పడుతున్న పిల్ల దారిలోనే ప్రాణం వదిలింది. బిడ్డా దక్కలేదు.

ముత్యాలత్త అప్పుడే అక్కడ ఆయాగా చేరింది. కబురు తెలిసి డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంది.

"ఒక్క బొట్టు పెట్టుకోండమ్మా. మీరు పెట్టుకునుంటే ఆ పిల్ల బతికేదండి."

డాక్టరమ్మ కూడా ఏడుస్తున్నారట. "నేను పెట్టుకుంటే నా ఒక్కదాని సంగతి తీరుతుంది ముత్యాలూ. మరి నీ సంగతో? రేపట్నించి బిడ్డ పుట్టగానే నీ చేతికే ఇస్తాను. నువ్వే బయటికి తీసుకెళ్ళి చూపించు. బిడ్డని చూడాలంటే నీ మొహం కూడా చూడాలి వాళ్ళు."

అలాగే చేశారు. తిట్టేవాళ్ళు తిట్టారు, దారిలేక వచ్చినవాళ్ళు వచ్చారు, తర్వాత అందరూ వచ్చారు. డాక్టరమ్మ పోయి ఆసుపత్రి మూతపడేదాకా మా ఊరి పిల్లలు అత్త చేతుల మీదుగానే గుమ్మం దాటారు.

ఇన్నేళ్ళకి మా ఊరివాళ్ళకి డాక్టరమ్మ గుర్తొచ్చారు. ప్రెసిడెంటు రాజేంద్రప్రసాద్ గారు కమిటీ వేసి, ఊరి మొదట్లో నిలువెత్తు విగ్రహం పెట్టాలని కొత్తపేటలో శిల్పి రాఘవులు గారికి పని అప్పజెప్పారు. అత్త సంబరం చెప్పలేను. మట్టి బొమ్మ తయారైందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

చూడగానే అత్త గుండెలు బాదుకుంది. డాక్టరమ్మ నుదుటన రూపాయి కాసంత బొట్టు.

"ఇదెవరు పెట్టమన్నారు బాబూ?"

"కమిటీ వారేనండి. ఫొటోలో నుదురు బోసిగా ఉందన్నారండి," అన్నారు రాఘవులు గారు. "మట్టిలో ఉండగా అయితే బొటనవేలితో తీసేస్తానండి. అచ్చు తీసేక నా చేతిలో ఉండదు. ప్రెసిడెంటు గారి చేత ఒక్క మాట చెప్పించండి."

"ఆయ్, చెప్పిస్తాను బాబూ. అందాకా ఆగు."

బస్సు దిగి అత్త ఇంటికి కూడా వెళ్ళలేదు, సరాసరి రాజేంద్రప్రసాద్ గారింటికే. ఆయన కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు. మర్యాదకేం లోటు లేదు.

"మీకు శాలువా కప్పి సన్మానం చేస్తామండి ముత్యాలు గారూ. బొట్టు సంగతి మాత్రం వదిలెయ్యండి. కడుపుతో ఉన్న పిల్లలు ఆ దారమ్మటే కదండీ ఆసుపత్రికి వెళ్ళేది! ఊరి మొదట్లో అలాంటి నుదురు ఎదురైతే..." అని ఆగిపోయారు.

ఎదురుగా కూర్చున్న అత్త నుదురు అప్పుడు చూసుకున్నట్టున్నారు. అత్త దణ్ణం పెట్టింది, బతిమాలింది, చివరికి కాళ్ళ మీద పడబోయింది. ఆయన గభాల్న లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే అచ్చు తీసేశారు.

విగ్రహం ఆవిష్కరించిన రోజు సన్మానానికి అత్త వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే ఆ బొట్టు తోమేస్తానని తడిగుడ్డ, కొబ్బరిపీచు పట్టుకుని విగ్రహం దగ్గరికి బయల్దేరింది. భయమేసి నేనూ వెనకాలే వెళ్ళాను. దిమ్మె మీద నిలువెత్తు మనిషి. అత్త మునివేళ్ళ మీద లేచినా చెయ్యి పాదాల దాకానే అందింది.

"మీరు కూడా నన్నొదిలేసేరా అమ్మా!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఆ కమిటీలో ఒక్కొక్కణ్ణీ పట్టుకుని కడిగెయ్యాలనిపించింది నాకు.

అప్పుడే ఊళ్ళోంచి ఆటో వచ్చింది. లోపల నొప్పులతో దుర్గాశ్రీ, పక్కన ఆమె అత్తగారు వీరవేణి. విగ్రహానికి దణ్ణం పెట్టుకుందామని ఆపించిన వీరవేణికి ముందు ముత్యాలత్త కనిపించింది.

"అయ్యో, ఎదురయ్యేరే! వెనక్కి తిప్పవయ్యా. ఇంటికెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరదాం."

"నావల్ల కాదత్తయ్యా, ఉమ్మనీరు పోయింది," అని దుర్గాశ్రీ కేకలు పెడుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు పుట్టినప్పుడు ఎత్తుకుని మీవాళ్ళకి చూపించింది ఈవిడే, వీరవేణీ!" అని అరిచాను. వినిపించుకుంటేగా! ఆటో సగం తిరిగింది.

అత్త మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ ఎడ్లబండి కళ్ళ ముందుకి వచ్చి ఉంటుంది. నేల మీద చేతులు ఆనించి లేచి, పడుతూ లేస్తూ దిమ్మె వెనక్కి వెళ్ళి, మొహం మీదికి కొంగు లాక్కుంది.

"తిప్పకమ్మా వీరవేణీ! నీకు పుణ్యముంటుంది. నేను లేనమ్మా ఇక్కడ. ఎవరూ ఎదురవ్వలేదు. పోనివ్వండి!"

వీరవేణి తొంగి చూసింది. అత్త కనపడలేదని రూఢి చేసుకుని, విగ్రహం బొట్టు వంక చూసి దణ్ణం పెట్టుకుంది. ఆటో ముందుకే వెళ్ళింది.

ఆ చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా అత్త కొంగు తియ్యలేదు.