మూలంలో లేని పిలుపు

ప్రూఫులు దిద్దే మాస్టారికి దేవుడి మీద భక్తి ఎంతుందో ప్రెస్సులో ఎవరికీ తెలియదు. దేవుడి పుస్తకంలో పేరు కాస్త అటూ ఇటూ అయితే మాత్రం ఆయనకు అన్నం సహించదు. "మూలంలో అలా లేదే!" అన్నది ఆయన ఊతపదం. అందుకని అందరూ ఆయన్ని మూలం మాస్టారంటారు. వెనకాలే కాదు, ముందరా అంటారు. అంటే ఆయన మురిసిపోతాడు.

ఆ మురిపెం బరువంతా కంపోజింగ్ అమ్మాయి నడుము మీద పడుతుంది. ఆమెకు నలభై దాటాయి, అయినా మాస్టారికి అమ్మాయే. పదకొండేళ్లుగా ఒక కాలు కురచైన కుర్చీలో కూర్చుని చర్చివాళ్ల పాటల పుస్తకాలూ, ప్రార్థన పత్రాలూ, జ్ఞాపకార్థం కార్డులూ కంపోజు చేస్తోంది. మొదట్లో మాస్టారి మీద విసుక్కునేది. ఇప్పుడు అదీ మానేసింది. విసుక్కోవడానికీ ఓపిక కావాలి కదా!

"ముప్పయ్యో పేజీలో యేసు, నలభయ్యో పేజీలో ఏసు. పుస్తకం మధ్యలో మనిషి పేరు మార్చుకుంటాడా అమ్మాయ్?"

"పంపినవాళ్లు అలాగే రాశారు మాస్టారూ."

"అసలు వాళ్లమ్మ పిలిచింది యేషూవా అని. గ్రీకువాళ్లకు 'ష' లేదు, 'స' చేశారు. ఊరుకోక చివర 'స్' అని ఒక తోక తగిలించారు. మనవాళ్లు ఆ తోక కత్తిరించారు."

"అయితే యేషూవా అని మార్చమంటారా?"

"ఛ, మార్చకు. తెలుసుకో."

తెలుసుకోవడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా ఓనరు రెండుసార్లు తొంగిచూసి, ఆమెనే కోప్పడి వెళ్లాడు.

కాగితాల వ్యాన్ డ్రైవరు ఒకసారి తన పేరు జేమ్స్ అని చెప్పి అడ్డంగా దొరికిపోయాడు. "జేమ్స్ ఏమిటి నాయనా, నువ్వు యాకోబువి! నాలుగు భాషలు తిరిగేసరికి ఇలా అయిపోయావు" అని జాలిపడి, రసీదు మీద యాకోబు అని రాసిచ్చాడు మాస్టారు. అలాంటి డ్రైవరు మా దగ్గర లేడంటూ కాగితాల కొట్టువాళ్లు రసీదు తిప్పి పంపారు. పాపం డ్రైవరు మూడు రోజులు తిరిగాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, మాస్టారి నీలం అట్ట నోటుబుక్కు ఒక ఎత్తు. గదిలో ఎవరు ఏ పేరు పలికినా కళ్లజోడు పైనుంచి ఓ చూపు చూసి, అందులో ఏదో రాసుకుంటాడు. అవి తన తప్పులేననీ, ఎప్పుడో ఓనరు చేతికి వెళతాయనీ ఆమె అనుమానం. సాయంత్రం నాలుగయ్యేసరికి నడుము పట్టేసి "ఏసయ్యా!" అని వెనక్కి వాలితే చాలు, అప్పుడూ రాసుకునేవాడు. తర్వాత ప్రూఫులు సొరుగులో పడేసి "మిగతావి రేపు" అనేవాడు. ముసలాయనకు కునుకు వేళయిందనుకునేది ఆమె.

ఒక మధ్యాహ్నం ఒక వదినా మరిదీ కార్డు వేయించడానికి వచ్చారు. పోయింది ఆమె భర్త, ఇతని అన్న. మర్నాడు పొద్దున్నే ప్రార్థన కూడిక. గుమ్మం ఎక్కేటప్పటికే ఇద్దరికీ మాటలు లేవు.

"మా అమ్మ పెట్టిన పేరు పేతురు. అదే వెయ్యండి" అన్నాడు మరిది.

"రాయప్ప అని వెయ్యి తల్లీ" అంది వదిన.

"మా చర్చిలో రాయప్ప అంటే ఎవరికి తెలుసు వదినా?"

"మా కేథలిక్ గుళ్లో అదే పేరు. ముప్పై ఎనిమిదేళ్లు ఆయన్ని ఏవండీ అన్నాను. పేరు పెట్టి చెప్పుకున్నది దేవుడి దగ్గర ఒక్కచోటే. మా రాయప్పని చల్లగా చూడు తండ్రీ అని రోజూ అడిగాను. రేపు ఇంకెవరి పేరో చదివితే నేనక్కడ కూర్చోలేను. రానే రాను."

కంపోజింగ్ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. మాస్టారు ఇప్పుడు నోరు తెరవకపోతే బాగుండునని మనసులో దణ్ణం పెట్టుకుంది. మాస్టారు తెరిచాడు.

"రెండూ మూలంలో లేవే!"

ఆమె కళ్లు మూసుకుంది.

"మూలంలో కేఫా. అంటే రాయి. గ్రీకులో అదే పేత్రోస్ అయింది. ఆ పలుకు మీ ఇంటికొచ్చి పేతురైంది. అర్థం ఈవిడ ఇంటికొచ్చి రాయప్పైంది" అని మాస్టారు మరిది వైపు తిరిగాడు. "మీ అమ్మగారు పేతురూ అని కేకేస్తే వచ్చేవాడా?"

"అన్నం వేళకైతే ఒక్క కేకకే వచ్చేవాడండీ."

"మరి అమ్మా, మీరు రోజూ చెప్పుకున్నారే, ఏ రాయప్ప అని ఆ దేవుడు ఎప్పుడైనా అడిగాడా?"

వదినకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. "లేదండీ. ఎప్పుడూ అడగలేదు."

"మరింక నడుమ నేనెవర్ని? పైన అమ్మ పెట్టిన పేరు, లోపల ప్రార్థనలో ఈవిడ చెప్పుకున్న పేరు. సరేనా?"

"ప్రార్థన వదినదే కదా. వెయ్యండి" అన్నాడు మరిది. వెళ్లేటప్పుడు వదిన సంచీ తనే పట్టుకున్నాడు.

ఆమె కంపోజు చేసిచ్చిన కార్డు ప్రూఫు అంచున మాస్టారు 'ఉన్నది ఉన్నట్టే' అని రాసి మెషిన్ గదిలోకి వెళ్లాడు. పదకొండేళ్లలో ఆ ఎర్ర పెన్ను నుంచి ఆ మాట రావడం ఆమె చూడలేదు. నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది. తన తప్పులెన్నో చూసుకుందామని వంగింది.

'రాయప్ప – భర్త కోసం ఈవిడ దేవుడితో చెప్పుకున్న పేరు. తప్పు కాదు.'

'జేమ్స్ – వ్యాన్ డ్రైవరు. వాళ్ల నాన్న ముచ్చటపడి పెట్టాడట. ఇకమీదట జేమ్స్ అనే పిలవాలి. క్షమాపణ చెప్పాలి.'

రెండు పేజీలు వెనక్కి తిప్పింది.

'ఏసయ్యా – కంపోజింగ్ అమ్మాయి. నాలుగింటికి, నడుము పట్టేసినప్పుడు. మూలంలో లేదు. దిద్దరాదు. ఈ పిలుపు వినబడ్డాక ఆ పూట ప్రూఫులు ఇవ్వరాదు.'

మాస్టారు వస్తున్న చెప్పుల చప్పుడైంది. ఆమె గబుక్కున కుర్చీలో కూలబడింది. ఆయన చంకలో ఇరవై పేజీల ప్రూఫుల కట్ట ఉంది.

"ఏసయ్యా!" అంది.

మాస్టారు గడియారం చూశాడు. "ఇంకా మూడున్నరే కదమ్మాయ్?"

"ఇవాళ తొందరగా పట్టేసింది మాస్టారూ."

ఆయన కళ్లజోడు పైనుంచి ఆమెనూ, రెండు పేజీలు వెనక్కి తిరిగి ఉన్న నోటుబుక్కునూ చూశాడు. ప్రూఫుల కట్ట సొరుగులో పడేశాడు.

"మిగతావి రేపు" అన్నాడు.