గాజు బుడ్డిలో గాలి ఎంత, వెలుతురు ఎంత

నిన్న కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వస్తూ వస్తూ, మనవరాలు తన ఆఫీసు బల్ల కోసం కొన్న గాజు బుడ్డి ఒకటి తెచ్చి కిటికీలో పెట్టింది. లోపల సూది మొన మీద నాలుగు రెక్కలు, ప్రతి రెక్కకూ ఒక ముఖం నలుపు, ఒకటి తళుకు. ఎండ పడగానే గిరగిరా తిరగసాగాయి. వెలుతురు తోస్తే తిరుగుతాయని ఫోను చెప్పిందట. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఒకప్పుడు ఈ మాట దగ్గరే నా కొలువు ఊడబోయింది.

అరవైల చివరి సంగతి. నిజామాబాద్‌లో మగపిల్లల కాలేజీ ఒకదానిలో ఫిజిక్సు చెప్పడానికి చేరిన మొదటి ఆడపిల్లను నేను. బోధన్ పక్కన చెరకు వేసుకునే మా బాపు, ఏడాదిలో కొలువు ఖాయం కాకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి రావాలని మాట తీసుకుని మరీ పంపాడు. ఖాయం చేయవలసిన ప్రిన్సిపాల్ గారేమో షేర్వాణీ గుండీ కూడా సడలనివ్వని పెద్దమనిషి. నా పాఠం చూస్తానని ఒక రోజు వచ్చి కూర్చున్నారు.

ఆ రోజే ముసురు, కరెంటూ లేదు. పాఠానికని కాలేజీలో ఉన్న ఇలాంటి బుడ్డినే బల్ల మీద పెట్టుకున్నాను; ఎండ లేనిదే దాని రెక్కలు తిరగవు, ఏం చేయను? కాలేజీ ఎదురుగా పెళ్ళిళ్ళకు గ్యాసుబత్తీలు కిరాయికిచ్చే చాచాను బతిమాలితే, పాపం, తడుస్తూ తనే మోసుకొచ్చి, పంపు కొట్టి, గది నిండా వెలిగించాడు. రెక్కలు తిరిగాయి. ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి లేచి, చూశారా, వెలుతురు తోస్తోంది అని తామే వివరించారు. అంతలో ఒక పిల్లవాడు, వాడి నోరు పడిపోను, తళుకు ముఖం వెలుతురును తిప్పికొడుతుంది గనుక దానికే ఎక్కువ తోపు తగలాలి కదా, మరి నల్ల ముఖం వెనక్కి పోతోందేమని అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. పెద్దాయన మాట నిలబెడితే కొలువు నిలుస్తుంది, కాదంటే బోధన్ బస్సే. ఉన్నదున్నట్టు చెప్పేశాను. గాలైనా వెలుతురైనా తాకినదాన్ని తోస్తుంది, తాకి వెనక్కి మళ్ళితే ఇంకా ఎక్కువ తోస్తుంది, ఒత్తిడంటే రెండింటికీ అదే; అయితే వెలుతురు తోపు మరీ సన్నం, ఈ రెక్కల్ని తిప్పలేదు. గాలి చాలామటుకు తీసేసిన ఈ బుడ్డిలో మిగిలిన కాస్త గాలే నల్ల ముఖం దగ్గర వేడెక్కి, అంచుల వద్ద జోరుగా తోస్తోందన్నాను.

ప్రిన్సిపాల్ గారు కుర్చీ వదిలి వచ్చి ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నారు.

“మళ్లొకసారి చెప్పమ్మా. ఇన్నేండ్లు నేను తప్పే చెప్పిన.”

ఏడాది తిరగగానే బాపు నన్ను తీసుకుపోవడానికి రానే వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు ఆయనకు చాయ్ తెప్పించి, “నీ బిడ్డ నాకే పాఠం చెప్పింది, ఎట్ల పంపిస్త?” అన్నారు. సాయంత్రం బాపు ఒక్కడే బోధన్ బస్సెక్కి, కిటికీలోంచి, “పైలం బిడ్డా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

రిటైరయ్యేదాకా ఆ కొలువే చేశాను, బతుకు చల్లగానే గడిచింది. మా కాలం అన్నిటా గొప్పదని నేననను. మనవరాలికి ఉద్యోగం చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎంత హాయి! అయినా మనసాగక, మీ ఆఫీసులో పెద్దాయన తప్పు చెబితే నలుగురిలో దిద్దుతావా అని అడిగాను.

“తీసేస్తరు అమ్మమ్మా” అంది, ఈమాత్రం తెలియదా అన్నట్టు.