చూసిన అన్నం

ఆ దయ్యాల నవల చదివినవాళ్ళు ఎవరైనా చివర్లో రాతి బంగళా కూలిపోవడం గురించే చెబుతారు. నాకు ఆ కూలిపోవడం సరిగా గుర్తు కూడా లేదు. నన్ను వణికించింది దానికి చాలా ముందు వచ్చే ఒక చిన్న సంగతి. బడిలో మధ్యాహ్నం పూట ఆ పిల్ల మెట్ల కింద కూర్చుని, ఒడిలో రొట్టె దాచుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ తింటుంది. అక్కడికి రాగానే పుస్తకం మూసేశాను. రాసిన పెద్దమనిషిది ఏ దేశమో గానీ, మా బడి మెట్ల కిందికి వచ్చి నన్ను చూసి వెళ్ళి రాసినట్టే ఉంది.

డెబ్భైల చివరి మాట. నేను ఎనిమిదో తరగతి. తిరుపతిలో గుడి వెనక సందులో మా ఇల్లు. నాయనకు కొండ మీద గుళ్ళో ఆళ్వార్ల పాశురాలు చదివే కొలువు. వారానికోసారి కొండ దిగి వచ్చేవాడు, వచ్చినా తినడం, పడుకోవడం తప్ప పెద్దగా మాట్లాడేవాడు కాదు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది అత్త, అంటే నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఇల్లంతా ఆమె చెప్పుచేతల్లో ఉండేది, నేనూ అంతే.

అత్త ఆచారాలు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఒక్కటి చెబుతాను. మా అన్నం పరాయివాళ్ళ కంట పడకూడదు. పెరుమాళ్ళకు ఆరగింపు చేసిన అన్నాన్ని ఎవరైనా చూస్తే దిష్టి దోషం, అది ఇక తినడానికి పనికిరాదు. తినే మనిషిని చూసినా అంతే. వంటింటి తలుపు గడియ పెట్టుకుని తినేవాళ్ళం. అత్త అయితే నా ముందు కూడా తినేది కాదు. నాకు వడ్డించి, నేను లేచి వెళ్ళాక, గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. తలుపు సందులోంచి చూస్తే వీపు మాత్రమే కనిపించేది. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం గానీ ఆమె నమలడం నేను చూడలేదు.

ప్రతి ఆదివారం సాయంత్రం నాకు దిష్టి తీసేది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి నా చుట్టూ తిప్పి కుంపట్లో వేసేది. ఘాటు లేచి దగ్గు వస్తే దిష్టి లేనట్టు. మిరపకాయలు మాడిపోతున్నా ఘాటు లేవకపోతే గట్టిగా తగిలినట్టు. మిగతా ఇళ్ళలో ఇదొక ముచ్చట. అత్తకు మాత్రం అది కోర్టు తీర్పుతో సమానం.

ఇంకో సంగతి. అత్త అబద్ధం ఆడేది కాదు. ఇంట్లో ఉండి లేనని చెప్పించడం కూడా ఎరగదు. నేను అబద్ధమాడి దొరికితే ఉగ్రాణంలో పెట్టి గొళ్ళెం వేసేది. ఉగ్రాణం అంటే మా ఇంట్లో సరుకులు పెట్టుకునే గది. చింతపండు జాడీలు, బెల్లం బుట్ట, పైన అరచేయంత గవాక్షం, మూలల్లో ఎలుకలు. పాశురాలు తప్పు లేకుండా అప్పజెబితేనే తలుపు తీసేది. ఎలుకలు కాళ్ళ మీద తిరుగుతుంటే ఎవరికి గుర్తొస్తాయి పాశురాలు?

బడికి డబ్బాలో పెరుగన్నం పెట్టి తుండుగుడ్డ చుట్టి ఇచ్చేది. తినేటప్పుడు ఆ గుడ్డ తల మీదుగా కప్పుకుని గోడ వైపు తిరగాలి. అంత పిల్ల ముసుగేసుకుని గోడకు మొరపెట్టుకుంటున్నట్టు కూర్చుంటే తోటి పిల్లలు ఊరుకుంటారా? మొదట్లో నవ్వారు. నవ్వుతోనే పోయేది గానీ, మా తరగతిలో ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒకతె ఉండేది. లాడ్జి మేనేజరు కూతురు, పొడుగాటిది, చురుకైనది. నన్ను కొట్టక్కరలేదు, గిల్లక్కరలేదు, ఊరికే చూస్తే చాలని కనిపెట్టింది ఆ పిల్లే.

గంట కొట్టగానే నలుగురిని వెంటేసుకుని మెట్ల కిందికి వచ్చేది.

"ఏం మే, ఈ పొద్దు ఏం తెచ్చినావు? సూపీ."

ఒకతె గుడ్డ లాగేది, ఒకతె మూత తీసేది. అందరూ తలలు వంచి డబ్బాలోకి చూసేవాళ్ళు.

"సూసినాం మే! ఇంక తినగూడదు. తింటే కండ్లు పోతాయి."

అంతే, వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్క మెతుకు ముట్టేవాళ్ళు కాదు. టీచరుకు చెబుదామంటే ఏమని చెప్పాలి? నా అన్నం చూశారని చెప్పనా?

చూసిన అన్నం తినకూడదు. ఆరగింపు అయిన అన్నం పారేయకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బడి వెనక తిరిగే ఒక ఆవుకు పెట్టేదాన్ని, ఆవుకు పెడితే ఏ దోషమూ లేదు. ఆ ఏడాది నేను పుల్లలా తయారయ్యాను, ఆవు మాత్రం నున్నగా తేలింది. ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే అడిగేది.

"ఎవురన్నా సూసినారా?"

"ల్యాదత్తా."

ఆ ఒక్క మాటను దారి పొడుగునా లోలోపల వల్లె వేసుకుంటూ వచ్చేదాన్ని. బడి గంటకు ఒక భయం, ఇంటి గుమ్మానికి ఒక భయం. రెంటికీ మధ్య నడిచే కాసేపే నాది.

ఒకరోజు ఆకలికి తాళలేక, వాళ్ళు చూసి వెళ్ళిన అన్నమే గబగబా తినేశాను. ముసుగు వేసుకునే ఓపిక కూడా లేదు. బడి గోడ పక్కగా పోతున్న పూలమ్మే ఆమె చూసి, పాపం మంచికే, అత్తకు చెప్పింది. "మీ పాపకు ఇంట్లో బువ్వ సాలడం లేదేమోమ్మా, అందురి ముందరా కరువు పట్టినట్టు తింటా ఉండాది." అత్త నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి చన్నీళ్ళు కుమ్మరించి, పొడిబట్టలు ఇచ్చి, ఉగ్రాణంలోకి పంపి గొళ్ళెం వేసింది.

నవల అప్పటికే అక్కడ చింతపండు జాడీ వెనక ఉంది. నా బెంచీలో కూర్చునే పిల్ల, వాళ్ళక్క అద్దె పుస్తకాల షాపులో తెచ్చే నవలల్లో ఒకటి నాకు ఇచ్చింది. తెలుగులోకి మార్చినది, అట్ట లేదు. మెట్ల కింద రొట్టె దగ్గర మూసేసిన పుస్తకాన్ని ఆ రోజు గవాక్షం వెలుగులో మళ్ళీ తెరిచాను. ఆ పిల్లకూ తల్లి లేదు. పెంచే పెద్దమ్మ నువ్వు పాపాల పుట్టవంటూ బొగ్గుల గదిలో పెడుతుంది. బడిలో పిల్లలు వెంటపడి ఏడిపిస్తారు. అన్నీ ఓర్చుకుని, ఓర్చుకుని, ఒకరోజు ఆ పిల్ల తలెత్తి చూస్తుంది. చూసినచోటల్లా ఏదో ఒకటి విరుగుతుంది. ఆ చూపు పడినవాళ్ళకల్లా ఏదో ఒకటి అవుతుంది.

చూపుతో అన్నం పాడవుతుందని నాకు పుట్టినప్పటి నుంచీ చెబుతున్నారు. అన్నం పాడయ్యేదైతే మనిషి పాడవడా? ఆ నవల రాసినాయనకు అది కల్పన కావచ్చు, నాకు మా వంటింటి సంగతి. ఎదురుగా ఉన్న జాడీని చూడటానికి భయం వేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

మరునాడు వాళ్ళు మళ్ళీ వచ్చారు. గుడ్డ లాగారు, మూత తీశారు. నేను ఎప్పుడూ తల వంచుకునేదాన్ని. ఆ రోజు ఎందుకో తలెత్తి ఎర్ర రిబ్బన్ల పిల్ల కళ్ళలోకి చూశాను. కోపంగానే చూశాను, దాచడమెందుకు. ఆ పిల్ల నవ్వుతున్నది కాస్తా నవ్వు ఆపింది. "ఏం మే అట్ల సూస్తావు?" అని ఒక అడుగు వెనక్కు వేసింది.

మరుసటి రోజు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. జ్వరమన్నారు, తరువాత అమ్మవారు పోసిందన్నారు. వాళ్ళ గుమ్మానికి వేపాకు కట్టారట. ఒళ్ళంతా పొక్కులట, రెప్పల మీద కూడానట, కన్ను తెరవలేకపోతోందట. ఈ 'అట'లన్నీ నా వెనక గుసగుసగా వినపడేవి. చివరికి ఒకతె తేల్చేసింది.

"దీని దిష్టే తగిలినాది. ఆ పొద్దు ఎట్ల సూసినాదో నేను సూసినా."

ఆ రోజు నుంచి తరగతిలో ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. పుస్తకం ఇచ్చిన పిల్ల కూడా బెంచీ మారింది. మధ్యాహ్నం నేను అటుగా వస్తే గబుక్కున డబ్బాలకు చేతులు అడ్డం పెట్టుకుని, నాకు వీపులు తిప్పి తినేవాళ్ళు. తరగతి తరగతంతా మా అత్త అయిపోయింది. మెట్ల కింద నన్ను కదిలించేవాళ్ళు లేరు, ప్రశాంతంగా తినొచ్చు. అయినా ఆ అన్నం ఆవుకే పెట్టేదాన్ని. ఆ పిల్లకు కన్ను పోతే? ప్రాణమే పోతే? ఎవరితో చెప్పుకోవాలి?

ఇంట్లోనూ తలెత్తడం మానేశాను. అత్త వడ్డిస్తుంటే ఆమె కాళ్ళకేసి చూసేదాన్ని. నాయన కొండ దిగి వచ్చి "అమ్మణ్ణీ" అని పిలిస్తే స్తంభం వెనక్కు పోయాను. మళ్ళీ కొండెక్కేటప్పుడు కూడా ఆయన వైపు చూడలేదు. ఘాట్ రోడ్డు బస్సు, మలుపులు. నా చూపు ఆయన మీద పడి ఆ బస్సుకేమైనా అయితే?

అత్త ఊరుకునే మనిషి కాదు. ఆదివారం మధ్యాహ్నం, నాకు వడ్డించి, ఎదురుగా నిలబడింది.

"తల ఎత్తు. నన్ను సూడు."

"వద్దత్తా."

"ఏం తప్పు జేసినావు?"

ఏడుపు తన్నుకొచ్చింది. డబ్బాలోకి చూసిన పిల్లల దగ్గర నుంచి అమ్మవారు పోయడం దాకా అంతా చెప్పేశాను. చివరికి అన్నాను: "నా కండ్లు మంచివి కావత్తా. నేను నిన్ను సూస్తే నువ్వు సచ్చిపోతావు."

ఉగ్రాణం తప్పదనుకున్నాను. అత్త కదల్లేదు. ఆమె గొంతు వినిపించింది, ఎప్పటి గొంతు కాదది.

"నన్నూ అన్నారు అమ్మణ్ణీ. మా ఆయన పోయినప్పుడు, అన్నం తింటా ఉంటే నేను సూసినానంట. అందుకే పోయినాడంట. అప్పుటికి నాకు నీ వయసే. ఇంక ఎవురి కంటా పడకుండా గోడ పక్కకు తిరుక్కొని తిను, నువ్వు ఎవురినీ సూడొద్దు అన్నారు. అట్లనే తింటా ఉండా."

తరువాత విస్తరాకు వేసిన చప్పుడు. నా ఆకుకు ఎదురుగా ఆకు. అత్త గోడకు వీపు ఆనించి, నా వైపు తిరిగి కూర్చుంది.

"ఇప్పుడు సూడు. నేను తింటా. ఆకు ఎత్తేదాకా సూడాల నువ్వు."

చూడలేకపోయాను. గడ్డం పట్టి నా తల ఎత్తింది. అత్త చారన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఎడమవైపు పళ్ళు లేవు కాబోలు, అంతా కుడివైపే నమిలింది. పెదవి మీద మెతుకు అంటుకుంటే తుడుచుకోవడానికి సిగ్గుపడింది. ఇంట్లో అందరినీ వణికించే ఆ మనిషి చెయ్యి ముద్ద ముద్దకూ వణుకుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, నా కళ్ళలో విషం ఉందని అత్త నిజంగానే నమ్ముతోందని. నమ్ముతూనే తింటోంది. నాకు ఇంకా భయం వేసింది. ఆపమని ఏడ్చాను. ఆకు ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

ఎర్ర రిబ్బన్ల పిల్ల తరువాత బాగానే తిరిగొచ్చింది. బుగ్గ మీద రెండు గుంటలు తప్ప ఏమీ కాలేదు, కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ అది ముందు ముందు సంగతి. ఆ ఆదివారం నాకు తెలియదు. మధ్యాహ్నమంతా అత్త వెనకే తిరిగాను. ఆమె కాస్త ఆయాసపడితే నాకు ఊపిరి ఆగేది, నడుం వాలిస్తే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని.

సాయంత్రం కుంపటి రాజేసింది. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టింది. ఆ రోజు నా చుట్టూ తిప్పలేదు. తన చుట్టూ తనే తిప్పుకుని నిప్పుల్లో వేసింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు ఉబ్బి, నల్లబడి, ముడుచుకుపోయాయి. ఘాటు లేవలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మిరపకాయలు వానలకు నెమ్మెక్కి ఉంటాయి. అప్పుడంత ఆలోచన నాకూ లేదు, అత్తకూ లేదు. ఊపిరి గట్టిగా పీల్చాను. ముక్కులోకి ఏమీ రాలేదు. అత్త కుంపటినే చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా నా వైపు తిరిగి నా కళ్ళలోకి చూసింది.

చూసి, దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంగి వంగి దగ్గింది.

"ఏం ఘాటు! ఏం ఘాటమ్మా ఇది! సూసినావా, ఏ దిష్టీ ల్యాదు," అంది, దగ్గు మధ్యలో.

నేనూ దగ్గాను.